దిండు మీద సున్నప్పొడి

ఐవెట్ కింటానా ఆ ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం పన్నెండూ ఇరవై. అప్పటికే కేసు తేలిపోయిందని డిటెక్టివ్ మెకార్డల్ తన పై అధికారులకి ఫోన్ చేసి చెప్పేశాడు.

"నేరం వాడే ఒప్పుకున్నాడు. ఇంత చలిలో అనవసరంగా వచ్చావు," అన్నాడు మెట్ల దగ్గర ఎదురొచ్చి. "కాఫీ తాగి వెళ్ళు."

"ఏమని ఒప్పుకున్నాడు?"

మెకార్డల్ కోటు జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి చదివాడు. "'నా వల్లే చచ్చిపోయింది.' రెండుసార్లు అన్నాడు. తొమ్మిదీ పదిహేనుకి, ఈ మెట్ల మీదే. అప్పట్నించీ నా కారులోనే ఉన్నాడు."

"తన వల్ల ఎలా చచ్చిపోయిందో అడిగావా?"

"అది లాయర్లు అడుక్కుంటారు."

జరిగింది ఇది. బ్రాంక్స్‌లో అదొక ఐదంతస్తుల పాత ఇటుక భవనం. కింది అంతస్తులో, బాయిలర్ గదికి సరిగ్గా పైన ఉన్న 1బిలో యులాలియా నొరాలెస్ అనే అరవై ఎనిమిదేళ్ళావిడ ఒంటరిగా ఉండేది. హోండురాస్ సముద్రపుటొడ్డు నుంచి వచ్చిన గరిఫునా తెగ మనిషి. ముప్ఫై ఏళ్ళు ఈ ఊళ్ళో మంచానపడ్డ ముసలివాళ్ళకి స్నానాలు చేయించి, గంజి తాగించి బతికింది. భవనంలో అందరికీ ఆమె మామా లాలా. మంగళవారం పొద్దున ఏడూ నలభైకి ఎదురింటి ఎఫువా సార్పాంగ్ ఆమె తలుపు కొట్టింది. పలక్కపోతే తన దగ్గరున్న తాళంచెవితో తీసింది. మంచం మీద ఆమెని చూసి అత్యవసర నంబరుకి ఫోన్ చేసింది. అడ్రసు చెప్పి అక్కడే వరండాలో కూలబడిపోయింది.

ఎనిమిది నిమిషాల్లో ఫైరింజను వచ్చింది. బాయిలర్ పొగగొట్టం అతుకు ఊడిపోయి, చిమ్నీలోకి పోవలసిన పొగ నేలమాళిగలో నిండి పైకి పాకుతోంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్న మనిషికి నిద్ర ఎక్కువవుతుంది, అంతే. ఎనిమిదీ ఐదుకి బాయిలర్ ఆపేశారు. ఎఫువాని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మామా లాలా రాత్రే పోయింది.

ఆ పొగగొట్టం సంగతి కొత్తగా బయటపడింది కాదు. జనవరి మూడున నగర గృహశాఖ ఇన్‌స్పెక్టర్ వచ్చి రెండు లోపాలు రాసి వెళ్ళాడు. ఒకటి, పొగగొట్టం అతుకు ఊడింది. రెండు, 1బిలో గ్యాస్ అలారం లేదు. రెండూ వెంటనే ప్రాణం మీదికి తెచ్చేవే అని రాశాడు. తొమ్మిదో తారీఖు రాత్రి, ఆన్‌లైన్‌లో, అవి సరిచేశామని ఓనర్ కంపెనీ తరఫున ప్రమాణపత్రం దాఖలైంది. "ఎనిమిదో తారీఖు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు నేనే స్వయంగా ఈ పని చేశాను" అన్న వాక్యం కింద టోమా లెకాయ్ సంతకం. దాని పక్కన నోటరీ ముద్ర. టోమా ఆ భవనానికి సూపర్. అంటే కుళాయి కారినా, మెట్ల మీద బల్బు పోయినా, బాయిలర్ మొరాయించినా చూసుకోవలసిన మనిషి. నేలమాళిగలోనే వెనకగదిలో కాపురం.

ఓనర్ ఇలా ప్రమాణం చేసి కాగితం పెడితే, శాఖవాళ్ళు ఇంట్లో ఉండేవాళ్ళకి ఒక ఉత్తరం రాస్తారు. "సరిచేశామని మీ ఓనర్ అంటున్నారు. కాదంటే ఫలానా తారీఖులోగా మాకు చెప్పండి" అని. చెబితే మనిషి వచ్చి చూస్తాడు. చెప్పకపోతే, మళ్ళీ చూడటానికి ఎవరైనా వస్తే వచ్చినట్టు. ఎవరూ రాకుండా డెబ్బై రోజులు గడిస్తే రికార్డులో ఆ లోపం లేనట్టే. గొట్టం మాత్రం ఎక్కడ ఊడిందో అక్కడే ఉంటుంది.

కింటానాకి ఈ వ్యవహారం ఒకరు చెప్పక్కర్లేదు. జిల్లా ప్రాసిక్యూటర్ ఆఫీసులో ఇన్వెస్టిగేటర్ కాకముందు పందొమ్మిదేళ్ళు ఆమె కూడా అలాంటి ఇన్‌స్పెక్టరే. ఈ పేటలో ఆమె దిగని నేలమాళిగ లేదు. మెకార్డల్ ఆమెని వెనకాల "ఎలకల ఇన్‌స్పెక్టరమ్మ" అంటాడని ఆమెకి తెలుసు. ముందు కూడా అంటాడు.

ఆమె మెట్లు దిగి కారు వెనక తలుపు తీసి టోమా పక్కన కూర్చుంది. అరవై దాటిన మనిషి. మాంటెనెగ్రో కొండల్లో పుట్టిన అల్బేనియన్. చేతులకి బేడీలు. గోళ్ళలో మసి. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది.

సంతకం గురించి అడిగితే అది తనది కాదన్నాడు. ఎనిమిదో తారీఖు మధ్యాహ్నం నాలుగో అంతస్తులో స్నానాల గది పైకప్పు ఊడిపడితే సాయంత్రం దాకా అక్కడే ఉన్నాడట. పొగగొట్టం ఫోటోలు తీసి ఏజెంట్ పామ్‌రాయ్‌కి నాలుగుసార్లు పంపించాడట. బాయిలర్ మేస్త్రీ వస్తాడు, నువ్వు ముట్టుకోకు అని జవాబు వచ్చిందట. ఫోన్ చూపించమంటే చూపించాడు. ఫోటోలు ఉన్నాయి, జవాబులూ ఉన్నాయి. మేస్త్రీ మాత్రం రాలేదు.

"మరి మీ వల్లే చచ్చిపోయిందని ఎందుకన్నారు?" అని అడిగింది కింటానా.

కిటికీ అన్నాడు టోమా. బాయిలర్ గదికి వీధి వైపు ఒక చిన్న కిటికీ ఉంది. గొట్టం ఊడినప్పటినుంచీ దానికి ఇటుక అడ్డంపెట్టి పగలూ రాత్రీ తెరిచే ఉంచేవాడు. పొగ కొంతైనా బయటికి పోతుందని. అందువల్ల పైన 1బిలో నేల మంచుగడ్డలా ఉండేది.

"ఆదివారం సాయంత్రం నేను కూతురింటికి వెళ్తున్నాను. సోమవారం సెలవు కదా. మామా లాలా గుమ్మంలో నిలబడి, నాయనా టోమా, పాదాలు కొంకర్లు పోతున్నాయి, ఒక్క రెండు రాత్రులు ఆ కిటికీ మూసి వెళ్ళవూ అంది." అతను బేడీల చేతులతోనే ముఖం తుడుచుకున్నాడు. "మూసి వెళ్ళాను."

కింటానా కారు దిగి తలుపు మెల్లగా వేసింది.

గుమ్మం లోపల పామ్‌రాయ్ నిలబడి ఉన్నాడు. ఓనర్ కంపెనీకి ఏజెంట్. ఇలాంటి భవనాలు పాతిక చూస్తాడు. మంచి కోటు, మంచి బూట్లు. సంతాపం తెలిపాడు. టోమా ఇంత మోసం చేస్తాడనుకోలేదన్నాడు. పని చేశానని చెప్పి సంతకం పెట్టి ఇస్తే నమ్మి దాఖలు చేశాడట.

"సంతకం మీ ఎదురుగానే పెట్టాడా?"

"నా ఎదురుగా, నోటరీ ఎదురుగా. నోటరీ ఈ భవనంలోనే ఉంటుంది. ఎఫువా. ఆవిడ్నే అడగండి." కాస్త ఆగి, "కోలుకుంటే," అన్నాడు.

ఆ మాట ఆమె చెవిలో ముల్లులా దిగింది. పైకి మాత్రం తలూపి, మెకార్డల్‌తో 1బిలోకి నడిచింది.

ఒకటే పడగ్గది. మంచం తలవైపు గోడకి ఆనించి ఉంది. మంచానికి మూరెడు పైన తెల్లటి గ్యాస్ అలారం బిగించి ఉంది. మెకార్డల్ దాన్ని పెన్నుతో చూపించాడు.

"చూశావా? అలారం లేదని ఇన్‌స్పెక్టర్ రాశాడు. ఇదిగో ఉంది. బ్యాటరీ మాత్రం లేదు. ముసలాళ్ళ సంగతి తెలిసిందే కదా, కీచుకీచుమంటోందని తనే తీసి పారేసి ఉంటుంది. కాబట్టి ఓనర్ అలారం పెట్టాడు. గొట్టం పని సూపర్ చేశానని అబద్ధం చెప్పాడు. లెక్క సరిపోయింది."

"సూపర్ గొట్టం పని ఎగ్గొట్టి అలారం మాత్రం బుద్ధిగా బిగించాడా?"

"చేసిన పని చేశాడు, ఎగ్గొట్టింది ఎగ్గొట్టాడు. అందరూ అంతేగా."

కింటానా మంచం దగ్గరికి వెళ్ళింది. దుప్పటి పక్కకి నెట్టి ఉంది. దిండు నడుమ తల ఆనిన గుంట ఇంకా అలాగే ఉంది. ఆమె జేబులోంచి చిన్న టార్చి తీసి, దాన్ని దిండుకి సమంగా, పక్కనుంచి పట్టుకుంది. పక్కనుంచి వెలుతురు పడితే బల్లపరుపుగా కనిపించే చోట కూడా ప్రతి నలుసుకీ నీడ వస్తుంది.

చాలాసేపు అలాగే వంగి ఉండిపోయింది.

"దెయ్యం పట్టిందా?" అన్నాడు మెకార్డల్.

"ఇటు వచ్చి చూడు. ముట్టుకోకు."

అతను వంగాడు. దిండు మీద తెల్లటి పొడి ఉంది. పిండి జల్లించినట్టు సన్నగా, పైన అలారం బిగించిన స్క్రూల కింద కొంచెం ఎక్కువగా. పాత గోడకి రంధ్రం వేస్తే రాలే సున్నప్పొడి.

"అయితే ఏంటి? అలారం బిగించినప్పుడు రాలింది."

"ఎప్పుడు?"

"ఎనిమిదో తారీఖున. కాగితంలో ఉందిగా."

"ఎనిమిదిన రాలితే పన్నెండు రోజులు ఆవిడ ఈ సున్నం మీదే పడుకుందా? ఇల్లు చూడు. గిన్నెలు కూడా వరస తప్పకుండా బోర్లించుకున్న మనిషి." కింటానా టార్చి కొంచెం జరిపింది. "గుంటలో చూడు. తల ఆనిన చోటే. అక్కడా పొడి ఉంది. నెరిసిన వెంట్రుకలు రెండు దిండుకి అంటుకుని ఉన్నాయి చూడు. పొడి వాటి కింద లేదు. వాటి మీద ఉంది."

మెకార్డల్ ఇంకాస్త వంగి చూశాడు.

"ఆవిడ పడుకుని ఉండగా రాలితే పొడి ఆవిడ ముఖం మీద పడేది, జుట్టులో పడేది. గుంటలో పడేది కాదు. తల లేచిపోయాక ఎవరో ఇక్కడ నిలబడి ఆ గోడకి రంధ్రాలు వేశారు. శవాన్ని ఎన్నింటికి తీసుకెళ్ళారు?"

"తొమ్మిదీ నలభై."

"టోమాని కారెక్కించింది ఎన్నింటికి?"

అతని చెయ్యి నోటుబుక్కు ఉన్న జేబు మీదికి పోయింది.

"నీ నోటుబుక్కులో నీ చేత్తోనే రాసుకున్నావు. తొమ్మిదీ పదిహేను. అప్పట్నించీ నీ కారులోనే ఉన్నాడని నువ్వే చెప్పావు. అంటే నువ్వు పట్టుకొచ్చిన దొంగకి సాక్షివి నువ్వే."

మెకార్డల్ మెడ ఎర్రబడింది. వైద్య సిబ్బంది తోపులాటలో గోడ గీసుకుని రాలి ఉండొచ్చన్నాడు. గోడ మీద గీత చూపించమంది. శవాన్ని ఎత్తేటప్పుడు పై అంతస్తులో ఎవరో గెంతి ఉండొచ్చన్నాడు. ఆ మాట అన్నాక తనకే నచ్చలేదు కాబోలు, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

కింటానా గుమ్మం దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్‌ని పిలిచి, వచ్చిపోయినవాళ్ళ పేర్లు రాసే కాగితం అడిగింది. గదికి సీలు వేసింది పదకొండూ పదికి. అంతకుముందు, శవం వెళ్ళాక, లోపలికి వచ్చింది ఒక్కరే. పది గంటలా ఐదు నిమిషాలకి లోపలికి, పదీ పదిహేడుకి బయటికి. పేరు పామ్‌రాయ్. పని: వేడినీళ్ళ గొట్టం కారకుండా కట్టేయడం. చేతిలో పనిముట్ల సంచి. అనుమతి ఇచ్చినది: డిటెక్టివ్ మెకార్డల్, ఫోన్లో.

ఆ చివరి మాట చదివి ఆమె కాగితం మెకార్డల్‌కి ఇచ్చింది.

"నీళ్ళు కారి పై అంతస్తులన్నీ గడ్డకట్టిపోతాయన్నాడు," అన్నాడు అతను కాగితం తిరిగి ఇస్తూ. "రెండు నిమిషాల పని అన్నాడు."

"పన్నెండు నిమిషాలు పట్టింది. అలారం బిగించడానికి."

"నువ్వు నా మీద రిపోర్టు రాస్తావా?"

"నీ సంగతి తర్వాత. ముందు ఆ ముసలాయన బేడీలు తియ్యి. పామ్‌రాయ్‌ని ఎక్కడికీ పోనివ్వకు. దిండు నువ్వే స్వయంగా పెట్టెలో పెట్టించు. ఒక్క నలుసు రాలినా నిన్నే అడుగుతాను."

వెళ్ళబోతూ కుర్చీకి వేలాడుతున్న చేతిసంచి చూసింది. చేతి తొడుగులు వేసుకుని తెరిచింది. మందుల డబ్బా, జపమాల, బస్సు కార్డు. వాటి కింద గృహశాఖ పంపిన ఉత్తరం, దాని జవాబు కవరు. కవరు ఇంకా అంటించలేదు. స్టాంపు మాత్రం అంటించి ఉంది. లోపల స్పానిష్‌లో, పెద్ద పెద్ద అక్షరాలతో నాలుగే వాక్యాలు. అది నిజం కాదు. ఎవరూ రాలేదు. దయచేసి మనిషిని పంపండి, నేను రోజంతా ఇంట్లోనే ఉంటాను. కింద తారీఖు, జనవరి పదిహేడు. శనివారం.

శనివారం నుంచి పేవ్‌మెంట్ అంతా గాజులా గడ్డకట్టి ఉంది. సోమవారం పోస్టాఫీసుకి సెలవు. గడువు ఇంకా ఉంది కదా, మంగళవారం పోస్టులో వేద్దామనుకుని ఉంటుంది.

ఆసుపత్రికి చేరేసరికి రెండూ పది. ఎఫువా సార్పాంగ్ కళ్ళు తెరిచే ఉంది. ముక్కుకి ఆక్సిజన్ మాస్కు. ఘనా నుంచి వచ్చి పదహారేళ్ళైంది. పగలు ఒక లాయర్ల ఆఫీసులో గుమాస్తా, సాయంత్రాలు ఇంట్లోనే నోటరీ పని. ఆమెకి ఇంకా ఏమీ చెప్పలేదనీ, చెబితే తట్టుకోలేకపోవచ్చనీ నర్సు గుమ్మంలోనే కింటానాని హెచ్చరించింది.

ఎఫువా మొదట అడిగిందే అది. మామా లాలా ఏ వార్డులో ఉంది?

చెప్పకుండా దాటేస్తే సాక్ష్యం తేలిగ్గా వచ్చేది. అప్పుడే కదా మనిషి ధైర్యంగా మాట్లాడేది. కింటానా కుర్చీ దగ్గరికి లాక్కుని ఆమె చెయ్యి పట్టుకుని చెప్పింది. నువ్వు తలుపు తీసేసరికే పోయిందమ్మా, నువ్వు చేయగలిగింది ఏమీ లేదు అంది.

ఎఫువా ఏడవలేదు. పైకప్పు వంక చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి తనే అడిగింది, గొట్టమేనా అని. గొట్టమేనంది కింటానా.

"సరిచేశామని రాసిన కాగితం మీద ముద్ర నాదేనా మేడమ్?"

"నీదే."

అప్పుడు చెప్పింది. పామ్‌రాయ్ రెండేళ్ళుగా ఆమె దగ్గరికే వస్తాడు. పై అంతస్తులో ఎండ పడే ఇల్లు ఖాళీ అయితే నీకే ఇస్తానని ఎప్పుడూ ఆశపెడతాడు. తొమ్మిదో తారీఖు, శుక్రవారం సాయంత్రం ఆమె కూర పొయ్యి మీద పెట్టి ఉండగా కాగితాల కట్ట పట్టుకుని వచ్చాడు. సంతకాలు అప్పటికే పెట్టి ఉన్నాయి. సంతకం పెట్టినవాళ్ళు ఎదురుగా ఉండాలి కదా అంటే, టోమా కింద గ్రీజు చేతులతో ఉన్నాడు, పిలవమంటే పిలుస్తాను అన్నాడు నవ్వుతూ. తక్కినవాళ్ళు కూడా అలాంటి సూపర్లే, ఊరంతా తిప్పి తీసుకురావాలా అన్నాడు. కూర అడుగంటుతోంది. ఆమె నిలబడే ముద్రలు వేసేసింది.

"అడ్రసు చూడలేదు," అంది ఎఫువా. "నా సొంత ఇంటి అడ్రసు మేడమ్. అది కూడా చదవలేదు."

కింటానా ఆమె చెయ్యి వదల్లేదు. కానీ ఒక మాట దగ్గర ఆమె మనసు ఆగిపోయింది.

"కట్ట అన్నావు. ఎన్ని?"

"తొమ్మిది."

"మిగిలిన ఎనిమిదీ ఏ ఇళ్ళవి?"

గుర్తులేదంది. ఐతే పుస్తకంలో ఉంటుందంది. నోటరీ వేసిన ప్రతి ముద్రకీ పుస్తకంలో వరస రాయాలని చట్టం. తారీఖు, వేళ, ఏ కాగితం, ఏ అడ్రసు, ఎవరు వచ్చారు. ముద్ర వేయడంలో తప్పు చేసినా, పుస్తకంలో మాత్రం ఆమె ఎప్పుడూ అబద్ధం రాయలేదు. ఎవరు వచ్చారు అన్న చోట తొమ్మిది వరసల్లోనూ ఒకటే పేరు రాసింది. పామ్‌రాయ్. ఆ పుస్తకం ఇంట్లో, వంటగది సొరుగులో ఉంది. తీసి చూసుకోమని అనుమతి రాసిచ్చింది.

రెండూ ముప్ఫై రెండుకి కింటానా వరండాలోకి వచ్చి మెకార్డల్‌కి ఫోన్ చేసింది. అతను ఎందుకు, ఏమిటి అని అడగలేదు. రెండు నిమిషాల్లో మళ్ళీ లైన్లోకి వచ్చి, పుస్తకం దొరికిందన్నాడు. అతని గొంతులో పొద్దుటి జోరు లేదు. టోమా బేడీలు తీసేశానని అడక్కుండానే చెప్పాడు.

"తొమ్మిదో తారీఖు పేజీ. అడ్రసులు చదువు. మెల్లగా."

అతను ఒక్కొక్కటే చదువుతుంటే, ఆమె తన సెల్‌లో గృహశాఖ రికార్డు తెరిచి ఒక్కొక్క ఇల్లే చూసింది. మొదటిది, మెట్ల కమ్మీ. రెండోది, ఎలకలు. మూడోది మామా లాలా ఉన్న భవనమే. నాలుగోది, పొగగొట్టం అతుకు ఊడింది. ఐదోది, కిటికీ కటకటాలు. ఆరోది, పొగగొట్టం. ఏడూ ఎనిమిదీ, పైకప్పు కారుతోంది. తొమ్మిదోది, బాయిలర్ పొగ లోపలికే వస్తోంది, కింది అంతస్తులో గ్యాస్ అలారం లేదు. అన్నిటి పక్కనా ఒకటే మాట, ఓనర్ సరిచేసినట్టు ప్రమాణం చేశారు. అభ్యంతరం ఏదీ రాలేదు.

"నాలుగు, ఆరు, తొమ్మిది," అంది కింటానా. "మూడు ఇళ్ళకీ ఇప్పుడే ఫైరింజన్లు పంపించు. బాయిలర్ల మీద అనుమానం కాదు, మనుషులు చస్తున్నారని చెప్పు."

"నువ్వు చూడందే ఎలా చెబుతావు?"

"పొద్దున్నించీ చలి ఎలా ఉందో చూశావుగా. బాయిలర్లన్నీ ఆగకుండా మండుతున్నాయి. పంపించు మెకార్డల్."

అతను వేరే ఫోన్లో చెప్పడం ఆమెకి వినిపించింది. మూడు అడ్రసులూ గట్టిగా, తప్పులేకుండా చెప్పాడు. నాలుగోదానికి నాలుగు నిమిషాలు, ఆరోదానికి ఐదు. తొమ్మిదో ఇంటి వైపు బండ్లన్నీ ఇంకో మంటకి వెళ్ళాయి, పది నిమిషాలు పడుతుందన్నారు.

తొమ్మిదోది మూడంతస్తుల చిన్న ఇల్లు. ఆమెకి ఆ వీధి తెలుసు. రికార్డులో ఇంకొంచెం కిందికి జరిపి చూసింది. కింది అంతస్తు, పిల్లలని పగలు చూసుకునే ఇల్లు, లైసెన్సు ఉన్నది. నిర్వాహకురాలి పేరు ఒడెట్ బాప్తిస్త్. పక్కనే ఫోన్ నంబరు.

మెకార్డల్‌ని లైన్లోనే ఉండమని, ఆ ఫోన్ కిటికీ అరుగు మీద పెట్టి, నర్సుల బల్ల మీది ఫోన్ లాక్కుని నంబరు నొక్కింది. ఆరుసార్లు మోగింది. ఏడోసారి ఎత్తారు.

"హలో," అంది ఆడ గొంతు. మగతగా, ముద్దగా.

కింటానా తన పేరు, ఉద్యోగం చెప్పింది. పిల్లలెంతమంది ఉన్నారని అడిగింది.

"ఏడుగురు. మెల్లగా మాట్లాడండి, పడుకున్నారు." ఒడెట్ గొంతు తగ్గించింది. "రోజూ రెండింటికే లేచి కొంప పీకుతారు. ఇవాళేంటో బంగారాల్లాగా నిద్రపోతున్నారు. నాకూ పొద్దున్నించీ తలనొప్పి. పోనీలే, లేపడమెందుకని..."

"ఒడెట్, నా మాట విను. మీ ఇంట్లో విషపు గాలి ఉంది. ఫోన్ కట్ చెయ్యకుండా పక్కన పెట్టు. వీధి తలుపు బార్లా తీసి కుర్చీ అడ్డం పెట్టు. పిల్లల్ని ఒక్కొక్కళ్ళనీ ఎత్తుకెళ్ళి బయట పడుకోబెట్టు. మంచులోనైనా సరే, కోట్లు వెతక్కు. వెళ్ళు."

అవతల ఫోన్ దేనికో తగిలి టక్కుమంది. కుర్చీ ఈడ్చిన చప్పుడు. తలుపు గోడకి కొట్టుకుంది. చలిగాలి రివ్వుమనడం కూడా వినిపించింది.

అడుగులు లోపలికి వెళ్ళాయి, బరువుగా బయటికి వచ్చాయి. ఒకటి. మళ్ళీ లోపలికి, మళ్ళీ బయటికి. రెండు. ఎక్కడో దూరంగా ఒక పసిపిల్ల సన్నగా దగ్గింది. ఆ దగ్గుకి కింటానా కళ్ళు మూసుకుంది. మూడు. ఈసారి అడుగులు తడబడుతున్నాయి, ఏదో కిందపడి పగిలింది. నాలుగు.

కిటికీ అరుగు మీది ఫోన్లోంచి మెకార్డల్ అంటున్నాడు, బండి ఇంకా ఐదు నిమిషాల దూరంలో ఉందట, ఐదే నిమిషాలట అని.

ఐదోసారి అడుగులు లోపలికి వెళ్ళాయి. కింటానా ఫోన్ చెవికి అదిమిపట్టుకుని వింటూనే ఉంది. అవి బయటికి రాలేదు.